చలికాలంలో హైదరాబాద్: ప్రశ్నలు ఆగని పిల్లలతో ఎక్కడికి వెళ్లాలి, ఏం చూడాలి

దాదాపు ప్రతి ఇంట్లో ఇలాంటివాళ్లు ఒకరుంటారు. పాడైన రేడియో కనబడితే స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చుంటారు. కరెంటు పోతే మేడెక్కి నక్షత్రాలు లెక్కపెడతారు. పెళ్లికి తీసుకెళ్తే ఓ మూల కుర్చీలో పుస్తకం తిరగేస్తుంటారు. ఇలాంటివాళ్లను తెలుగులో పుస్తకాల పురుగు అంటారు, ఉర్దూలో కితాబీ కీడా అంటారు. ఈ మధ్య గీక్ అన్న మాట కూడా వచ్చింది. పేరేదైనా ఇంట్లో పెద్దల మాట మాత్రం ఒకటే: "వీటివల్ల మార్కులొస్తాయా?"

ఆ మాట పదిసార్లు వింటే పిల్లలు అడగడం మానేస్తారు. ఆ ప్రశ్న పోకుండా చూడాలంటే పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. చేయి పట్టుకుని ఒకసారి సరైన చోటికి తీసుకెళ్లే మనిషి ఉంటే చాలు. హైదరాబాద్‌లో దానికి మంచి కాలం చలికాలమే. ఎండ బాధ లేదు, వాన బెడద లేదు. పుస్తకాల పండగ, నుమాయిష్, సాహిత్య ఉత్సవం, సైన్స్ దినోత్సవం అన్నీ డిసెంబర్ నుంచి ఫిబ్రవరి లోపే వస్తాయి. ఎక్కడేముందో, ఎప్పుడు వెళ్తే బాగుంటుందో వివరాలివి.

ఆకాశం: డిసెంబర్ రాత్రులు

నగరంలో ఆకాశం గురించి మొదటి పాఠం నౌబత్ పహాడ్ మీది బి.ఎం. బిర్లా ప్లానిటోరియంలో దొరుకుతుంది. ఇది 1985లో మొదలైంది. తెలుగు, హిందీ, ఇంగ్లిష్ భాషల్లో షోలు వేస్తారు. ఏ షో ఏ భాషలో ఉందో టికెట్ కౌంటర్ దగ్గర ముందే అడగాలి. పక్కనే సైన్స్ మ్యూజియం ఉంది. అందులో డైనోసార్ అస్థిపంజరం ఉంది. దాని పేరు కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్. విదేశాల నుంచి తెచ్చింది కాదు, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర తవ్వకాల్లో బయటపడిన ఎముకలు అవి. సినిమాలో డైనోసార్ చూసిన పిల్లలకు, అలాంటి జంతువు తెలంగాణ నేల మీదే తిరిగిందని తెలిస్తే ఇంటికొచ్చేదాకా మాటలు ఆగవు.

అసలు ఆకాశం మాత్రం మేడ మీదే. డిసెంబర్‌లో ఆరు కాకముందే పొద్దు గూకుతుంది. ఇషా నమాజు అయ్యాక తూర్పు వైపు చూస్తే ఒకే వరసలో మూడు నక్షత్రాలు కనిపిస్తాయి. పల్లెల్లో దాన్ని గొల్లకావడి అంటారు. దానికి ఒక పక్క ఎర్రగా మెరిసేది ఆర్ద్ర, ఇంగ్లిష్‌లో బెటెల్‌గ్యూస్. రెండో పక్క తెల్లగా మెరిసేది రైజెల్. కాస్త పైన ఎర్రగా ఉన్నది రోహిణి, అంటే ఆల్డెబరాన్. ఇంకొంచెం పైన చిన్న గుత్తిలా కనిపించేవి కృత్తికలు. ఊళ్లలో వాటికి పిల్లలకోడి అని పేరు.

ఈ ఇంగ్లిష్ పేర్లలో చాలావరకు అరబ్బీ నుంచి వెళ్లినవే. రైజెల్ అంటే రిజ్ల్, కాలు. ఆల్డెబరాన్ అంటే అల్ దబరాన్, వెనక వచ్చేది. కృత్తికల వెనకే అది ఉదయిస్తుంది కాబట్టి ఆ పేరు. కృత్తికలకు అరబ్బీలో, ఉర్దూలో సురయ్యా అని పేరు. ఇంట్లో సురయ్యా అనే పేరున్న నానమ్మో ఖాలానో ఉంటే ఆమెను మేడెక్కించి ఆ గుత్తిని చూపించొచ్చు. ఒకే నక్షత్రానికి తెలుగులో ఒక పేరు, అరబ్బీలో ఒక పేరు, దాన్నుంచి పుట్టిన ఇంగ్లిష్ పేరు ఇంకొకటి. ఈ మూడూ కలిపి నేర్చుకునే వీలు ఉర్దూ, తెలుగు రెండూ వినబడే ఇళ్లకే ఎక్కువ.

డిసెంబర్ 13, 14 తేదీల రాత్రి జెమినిడ్స్ ఉల్కాపాతం బాగా కనిపిస్తుంది. ఫేథాన్ అనే గ్రహశకలం వదిలిన దుమ్ము భూమి గాలిలో మండడమే ఈ ఉల్కలు. దీనికి టెలిస్కోపు అక్కర్లేదు. రాత్రి పది దాటాక చాప వేసుకుని వెల్లకిలా పడుకోవాలి. కళ్లు చీకటికి అలవాటు పడడానికి 20 నిమిషాలు పడుతుంది. ఆ సేపు ఫోన్ చూడకూడదు. నగరం వెలుతురులో కొన్నే కనిపిస్తాయి. ఊరు బయట బంధువుల ఇల్లుంటే అక్కడికి వెళ్లడం మంచిది. చంద్రుడు నిండుగా ఉన్న ఏడాదిలో తక్కువ కనిపిస్తాయి.

హైదరాబాద్‌కు ఆకాశంతో పాత అనుబంధం ఉంది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండ దగ్గర తన సొంత స్థలంలో 15 అంగుళాల టెలిస్కోపు పెట్టించారు. అదే నిజామియా అబ్జర్వేటరీ. ఆయన పోయాక నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుని బేగంపేటకు మార్చింది. ప్రపంచ దేశాల అబ్జర్వేటరీలు కలిసి ఆకాశం మొత్తానికి పటం గీసిన పనిలో హైదరాబాద్‌కు ఒక భాగం ఇచ్చారు. ఇక్కడివాళ్లు లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచారు. తర్వాత అది ఉస్మానియా యూనివర్సిటీ కిందికి వచ్చింది. నగరానికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో జపాల్-రంగాపూర్ దగ్గర 1968లో 48 అంగుళాల టెలిస్కోపు పెట్టారు. 1980 ఫిబ్రవరి 16న వచ్చిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని శాస్త్రవేత్తలు అక్కడి నుంచి చూశారు. అది యూనివర్సిటీ స్థలం కాబట్టి వెళ్లాలంటే ముందుగా అనుమతి అడగాలి.

నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసే ఒక ఉద్యోగి కొడుకు చిన్నప్పటి నుంచి తండ్రితో పాటు అక్కడికి వెళ్లేవాడు. నిజాం కాలేజీలో చదివి హార్వర్డ్‌కు వెళ్లాడు. 1949లో అక్కడ ఒక తోకచుక్కను కనిపెట్టిన ముగ్గురిలో ఒకడయ్యాడు. ఆయనే వేణు బప్పు. తమిళనాడులోని కావలూరులో ఉన్న పెద్ద టెలిస్కోపుకు ఆయన పేరే పెట్టారు. తండ్రి పని చేసే చోటికి కొడుకును రానిచ్చినందువల్ల మొదలైన కథ ఇది.

పుస్తకాలు: డిసెంబర్ చివరి వారాలు

హైదరాబాద్ బుక్ ఫెయిర్ ఏటా డిసెంబర్ రెండో సగంలో జరుగుతుంది. ఈ మధ్య ఏళ్లలో ఇందిరా పార్కు దగ్గరి ఎన్టీఆర్ స్టేడియంలో పెడుతున్నారు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్, హిందీ పుస్తకాలు ఒకేచోట దొరుకుతాయి. శని, ఆదివారాల సాయంత్రం కాలు పెట్టడానికి సందుండదు. పిల్లలతో వెళ్లేవాళ్లు మామూలు రోజున గేటు తెరవగానే వెళ్తే నయం. ఒక చిట్కా: పిల్లల చేతికి ఇంత అని డబ్బులిచ్చి, ఏ పుస్తకం కొనాలో వాళ్లనే తేల్చుకోనివ్వాలి. పెద్దవాళ్లు ఎంచిన పుస్తకం అలమరలో ఉండిపోతుంది. తాము ఎంచుకున్నది దిండు కింద ఉంటుంది.

డబ్బు తక్కువుంటే ఆదివారం పొద్దున ఆబిడ్స్. దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి ఉంటాయి. పాత సైన్స్ పత్రికలు, ఇంజనీరింగ్ పుస్తకాలు, కామిక్స్, నిఘంటువులు అన్నీ గుట్టల్లో ఉంటాయి. బేరమాడాల్సిందే. కొనేముందు పేజీలు చిరిగాయేమో చూసుకోవాలి.

అఫ్జల్‌గంజ్‌లో మూసీ పక్కనే ఉన్న స్టేట్ సెంట్రల్ లైబ్రరీ పాత పేరు ఆసఫియా లైబ్రరీ. సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ చొరవతో 1891లో మొదలైంది. ఇప్పుడున్న భవనంలోకి 1936లో వచ్చింది. చదువుకోవడానికి హాలుంది. పిల్లలను ఒక్కసారి ఆ మెట్లెక్కిస్తే పుస్తకాలకు కూడా ఒక మహల్ ఉంటుందని తెలుస్తుంది.

ఉస్మానియా యూనివర్సిటీలో దాయిరతుల్ మారిఫ్ అనే సంస్థ ఉంది. 1888లో పుట్టింది. అరబ్బీ చేతిరాత గ్రంథాలను సరిచూసి అచ్చు వేయడం దాని పని. నక్షత్రాల బొమ్మలతో అబ్దుర్రహ్మాన్ అల్ సూఫీ రాసిన గ్రంథాన్ని 1954లో అచ్చు వేసింది. అల్ బెరూనీ ఖగోళ గ్రంథం అల్ ఖానూన్ అల్ మస్ఊదీని కూడా అచ్చు వేసింది. మేడ మీద చూసిన నక్షత్రాలను వెయ్యేళ్ల కింద ఒక మనిషి కొలిచి రాశాడు, ఆ రాత హైదరాబాద్‌లో అచ్చయింది. కాలేజీ వయసు పిల్లలకు చెప్పాల్సిన సంగతి ఇది.

జనవరిలో హైదరాబాద్ లిటరరీ ఫెస్టివల్ జరుగుతుంది. 2010 నుంచి నడుస్తోంది. ప్రవేశం ఉచితం. రచయితల మాటలతో పాటు పిల్లల కోసం కథలు, వర్క్‌షాపులు ఉంటాయి. కామిక్స్, అనిమే మీద మోజున్న పిల్లలు కామిక్ కాన్ పేరెత్తుతారు. అది హైటెక్స్‌లో జరుగుతుంది, అన్ని ఏళ్లూ ఒకే నెలలో ఉండదు. టికెట్‌కు, లోపల కొనుగోళ్లకు ఖర్చు గట్టిగానే అవుతుంది. వెళ్లేముందు ఎంత ఖర్చు పెట్టాలో ఇంట్లోనే తేల్చుకుంటే లోపల పేచీ ఉండదు.

నుమాయిష్: జనవరి, ఫిబ్రవరి

నుమాయిష్ అంటే చాలామందికి గాజులు, చెప్పులు, కశ్మీరీ శాలువాలు, జెయింట్ వీల్. కానీ దీని పుట్టుక వేరు. ఉస్మానియా యూనివర్సిటీ పట్టభద్రులు కొందరు రాష్ట్ర ఆర్థిక పరిస్థితి మీద సర్వే చేయాలనుకున్నారు. అందుకు డబ్బు కావాలి. స్థానికంగా తయారైన సరుకులతో ప్రదర్శన పెడదామన్న ఆలోచన వచ్చింది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో కొద్దిపాటి స్టాళ్లతో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ చేతుల మీదుగా మొదలైంది. 1946లో నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు మారింది. అంటే ఇంత పెద్ద మేళా కొందరు చదువుకున్న కుర్రాళ్ల లెక్కల పుస్తకంలో నుంచి పుట్టింది. దీన్ని నడిపే ఎగ్జిబిషన్ సొసైటీ వచ్చిన ఆదాయంతో కాలేజీలు నడుపుతోంది. వాటిలో ఆడపిల్లల కాలేజీలూ ఉన్నాయి.

సాధారణంగా జనవరి 1న మొదలై ఫిబ్రవరి 15 దాకా ఉంటుంది. పిల్లలతో వెళ్లినప్పుడు షాపింగ్ మొదలుపెట్టకముందే ఒక గంట వాళ్లకివ్వాలి. ప్రభుత్వ శాఖల స్టాళ్లు ఉంటాయి. జైలు ఖైదీలు చేసిన సామాను, చేనేత మగ్గం పని, రకరకాల యంత్రాల డెమోలు కనిపిస్తాయి. అమ్మే మనిషిని "ఇదెలా పనిచేస్తుంది భాయ్?" అని అడగమని పిల్లలకే చెప్పాలి. జెయింట్ వీల్ కింద నిలబడి మోటారు ఎక్కడుందో వెతకడం కూడా ఆటే. ఆడవాళ్లకు ప్రత్యేకంగా ఒక రోజు కేటాయించే ఆనవాయితీ ఉంది, ఆ తేదీ పేపర్లో వస్తుంది. గాంధీభవన్ మెట్రో స్టేషన్ దగ్గరే కాబట్టి బండి పార్కింగ్ తిప్పలు పడక్కర్లేదు.

స్క్రూడ్రైవర్ పట్టుకునే చేతులకు

కోఠిలోని గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్స్‌కు పేరు. రెసిస్టర్లు, మోటార్లు, ఎల్ఈడీలు, బ్యాటరీ డబ్బాలు విడివిడిగా దొరుకుతాయి. స్కూలు ప్రాజెక్టుకు రెడీమేడ్ మోడల్ కొనే బదులు ఒక సాయంత్రం ఈ గల్లీలో తిప్పితే పిల్లలే కట్టుకుంటారు. కంప్యూటర్ పార్టులకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ ఉంది. అక్కడ నాలుగు దుకాణాలు తిరిగి ధరలు రాసుకున్నాకే కొనాలి.

రాయదుర్గంలో టీ-వర్క్స్ ఉంది. 2023 మార్చిలో ప్రారంభించారు. ఒక వస్తువు ఆలోచనలో ఉండగానే దాని నమూనా తయారు చేసుకునేందుకు త్రీడీ ప్రింటర్లు, లేజర్ కటింగ్ యంత్రాలు అక్కడున్నాయి. ఊరికే వెళ్లి చూసే చోటు కాదు, ముందుగా అనుమతి తీసుకోవాలి. పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ పిల్లలకు పనికొస్తుంది.

చిన్నపిల్లలకైతే బహదూర్‌పురాలో జూ దగ్గరి సుధా కార్స్ మ్యూజియం. బర్గర్, క్రికెట్ బ్యాట్, పుస్తకం, కంప్యూటర్ ఆకారాల్లో నిజంగా నడిచే కార్లున్నాయి. వీటిని కట్టిన సుధాకర్ 2005లో ప్రపంచంలోనే అతిపెద్ద మూడు చక్రాల సైకిల్ నడిపి గిన్నిస్ రికార్డు కొట్టారు. పాత ఇనుప సామానుతో ఇంత చేయొచ్చా అని పిల్లలు నోరు తెరుస్తారు.

సాలార్‌జంగ్ మ్యూజియం దాదాపు అందరూ చూసిందే. ఈసారి గడియారం కోసమే వెళ్లాలి. ప్రతి గంటకూ ఒక చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి లోపలికెళ్తుంది. పన్నెండింటికి జనం ఎక్కువ, పదకొండుకు వెళ్తే ముందు వరసలో చోటు దొరుకుతుంది. పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల అలమర, చేత్తో నడిపే పాతకాలం లిఫ్ట్ ఉన్నాయి. ఈ రెండు మ్యూజియాలకూ శుక్రవారం సెలవు. జుమా రోజు ఖాళీ ఉందని బయల్దేరితే గేటు చూసి తిరిగి రావాలి.

పక్షులు, రాళ్లు, చప్పట్లు

సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. చలికాలంలో ఫ్లెమింగోలు, రకరకాల బాతులు, కొంగలు కనిపిస్తాయి. ఫజర్ తర్వాత వెంటనే బయల్దేరితే సూర్యుడు పైకొచ్చేలోపు చూడొచ్చు. బైనాక్యులర్ ఉంటే మేలు, లేకపోయినా నోటుపుస్తకం తీసుకెళ్లాలి. రంగు, ముక్కు, కాళ్ల పొడవు రాసుకుని ఇంటికొచ్చి పేరు వెతకడమే ఆట.

ఇక్కడ గుర్తు చేసుకోవాల్సిన మనిషి డాక్టర్ సలీం అలీ. బొంబాయిలో తల్లిదండ్రులు పోయి మేనమామ ఇంట్లో పెరిగిన పిల్లవాడు. ఒక పిచ్చుకను కొట్టాడు. దాని గొంతు మీద పసుపు మచ్చ చూసి ఇదేం పిట్ట అని అడిగాడు. మామకు తెలియదు. కసరకుండా బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపించారు. అక్కడ పక్షుల నమూనాల అలమరలు చూసిన ఆ పిల్లవాడు దేశంలోనే పేరున్న పక్షి శాస్త్రవేత్త అయ్యాడు. 1930ల మొదట్లో హైదరాబాద్ సంస్థానం పక్షుల సర్వే చేసింది కూడా ఆయనే. "నాకు తెలియదు, తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్దాం" అనే మాటకు ఇంత బలం ఉంటుంది.

హైదరాబాద్ రాళ్లు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటివి. వాటిని కాపాడాలని 1996లో మొదలైన సొసైటీ టు సేవ్ రాక్స్ రాళ్ల మధ్య నడకలు పెడుతుంటుంది. గోల్కొండలో బాలాహిసార్ ద్వారం గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ మీదికి వినబడుతుంది. కుటుంబం రెండు జట్లుగా విడిపోయి ఫోన్‌లో మాట్లాడుకుంటూ పరీక్షించొచ్చు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది, దూరమెంతో పిల్లల చేత లెక్క కట్టించొచ్చు. కొండ మీదికి నీళ్లెలా వెళ్లాయో మట్టి గొట్టాల ఆనవాళ్లు చూపిస్తాయి. దగ్గర్లోనే కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలో బాగు చేసిన మెట్ల బావులున్నాయి. ఆ పనికి 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ అవార్డు వచ్చింది.

ఫిబ్రవరి చివర

ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినోత్సవం. సి.వి. రామన్ 1928లో రామన్ ఎఫెక్ట్‌ను కనుగొన్న రోజు. హబ్సిగూడ, తార్నాక దగ్గర సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ లాంటి పెద్ద పరిశోధన సంస్థలున్నాయి. ఇలాంటి సంస్థలు ఏడాదిలో కొన్ని రోజులు జనానికి తలుపులు తెరుస్తాయి. పేపర్ ప్రకటన చూసుకోవాలి, లేదా స్కూలు వాళ్లను అడిగించాలి. తెల్లకోటు వేసుకున్న శాస్త్రవేత్త తెలుగులో మాట్లాడడం చూస్తే, ఈ పని మనవాళ్లూ చేస్తారని పిల్లలకు నమ్మకం కుదురుతుంది.

ఈ ఏళ్లలో రంజాన్ ఫిబ్రవరి నెలలో మొదలవుతోంది. ఏటా పది, పదకొండు రోజులు ముందుకొస్తుంది. కాబట్టి దూరపు తిరుగుళ్లు జనవరిలోనే పూర్తి చేసుకోవాలి. నెలవంక చూసే సాయంత్రం కూడా పాఠమే. సూర్యుడు ఎక్కడ దిగాడు, చంద్రుడు ఎంత పైన ఉన్నాడు, ఒక రోజు ఎందుకు కనబడడు, మర్నాడు ఎందుకు కనబడతాడు అని మేడ మీదే అడిగించొచ్చు.

బయల్దేరేముందు

తేదీలు, టికెట్లు, సెలవులు ఏటా మారుతుంటాయి, ముందురోజు చూసుకోవాలి. ఒక రోజుకు ఒక చోటే పెట్టుకోవాలి. మూడు చోట్లు తిప్పితే మిగిలేది కాళ్ల నొప్పులే. మగ్రిబ్ తొందరగా వస్తుంది కాబట్టి మ్యూజియాలు పొద్దున పూట, మేళాలు అసర్ తర్వాత పెట్టుకుంటే సులువు. పొద్దున చలి గట్టిగా ఉంటుంది, చెవులు కప్పుకోవాలి.

ఆడపిల్లల సంగతి విడిగా చెప్పాలి. అన్నను ఆబిడ్స్‌కు పంపి చెల్లిని ఇంట్లో ఉంచే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. తోడు లేరన్నది కారణం. అయితే పైన చెప్పిన చోట్లలో ఎక్కువ భాగం పగటిపూట, కుటుంబాలతో నిండి ఉండేవే. మెట్రోలో ఆడవాళ్లకు వేరే చోటుంది. అమ్మీ, ఖాలా, ఇద్దరు ముగ్గురు కజిన్లు కలిస్తే తోడు సమస్య తీరిపోతుంది. అబ్బాయికి ఒక ఆదివారం ఇచ్చినప్పుడు అమ్మాయికీ ఒకటివ్వాలి.

ఇంటికొచ్చాక "ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది" అంటారు, మాట అక్కడితో ఆగిపోతుంది. "అక్కడ నీకు అర్థం కానిది ఏంటి?" అని అడిగి చూడాలి. వాళ్లు చెప్పేదాంట్లోనే వచ్చే ఆదివారం ఎక్కడికెళ్లాలో దొరుకుతుంది.